చప్పుడు చెయ్యని వాల్వు

మా నాన్నకు ఒక అంబాసిడర్ కారు ఉండేది. సొంతానికి కాదు, బాడుగకు. కావలి రైల్వేస్టేషన్ బయట వేపచెట్టు కింద స్టాండు. తెల్లవారుజామున మద్రాసు వైపు నుంచి వచ్చే రైళ్ళు దిగినవాళ్ళను జలదంకి, కలిగిరి మీదుగా ఉదయగిరి దాకా తీసుకెళ్ళేవాడు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళివాళ్ళు ముందే వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు. పెంచలకోన మొక్కులకు వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళు. 1489 సీసీ పెట్రోలు ఇంజను, తెల్ల రంగు, వెనక సీటు మీద అమ్మ కుట్టిన గళ్ళ గుడ్డ. నా చదువు, అక్క పెళ్ళికి చేసిన అప్పు, ఇంటి బియ్యం, అన్నీ ఆ బండి మీదే నడిచాయి. అందుకే మా ఇంట్లో దాన్ని ఎవరూ కారు అనేవాళ్ళు కాదు, బండి అనేవాళ్ళు. బండికి ఒంట్లో బాగాలేదంటే ఇంట్లో అందరికీ టెన్షనే.

1994 వేసవిలో దానికి నిజంగానే బాగాలేకుండా పోయింది. టకటక చప్పుడు అంతకుముందు నుంచే ఉండేది. వీధి మలుపులో ఉండగానే నాన్న వస్తున్నాడని అమ్మ పొయ్యి మీద అన్నం వేడి చేసేది. ఆ ఏడాది మాత్రం చప్పుడుతో పాటు ఇంకొన్ని తోడయ్యాయి. ఉదయగిరి దారిలో ఎత్తు వస్తే బండి రొప్పేది. నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఒక దెబ్బ తప్పుతున్నట్టు ఊగేది. దిగుడులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి మళ్ళీ తొక్కితే సైలెన్సర్‌లోంచి నీలం పొగ ఒక్కసారిగా గుప్పుమనేది. ఇంజన్ ఆయిల్ తాగుడు సంగతి చెప్పక్కర్లేదు, డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా సిద్ధం.

నాన్న ఒక షెడ్డులో చూపించాడు. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగి దిగిపోయింది, ఇంజను మొత్తం దించాలి, పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు అన్నీ మార్చాలి అన్నారు. చెప్పిన డబ్బు మా ఇంట్లో లేదు. పైగా వైశాఖం ముహూర్తాలకు ఒప్పుకున్న బాడుగలు ఉన్నాయి. నాన్న ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయాడు. మర్నాడు అమ్మే అంది, "ఒకసారి బావగారికి కబురు చెయ్యకూడదా?" అని.

బావగారంటే మా పెదనాన్న. బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కావలికి దక్షిణంగా నాలుగైదు స్టేషన్ల దూరం కూడా లేని ఆ ఊరికి ఒకప్పుడు రైల్వే వల్లే పేరు. ఆవిరి ఇంజన్లకు అక్కడ పెద్ద షెడ్డు ఉండేది. క్వార్టర్లు, సైరన్, బొగ్గు మసి, షిఫ్టుల లెక్కన నడిచే ఇళ్ళు. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చి ఆవిరి ఇంజన్లు పక్కకు తప్పుకున్నాక ఆ సందడంతా చల్లబడిపోయింది. పెదనాన్న చేతులు మాత్రం చల్లబడలేదు. వాల్వులు, రాడ్లు, పిన్నులు, బుష్షులు, వీటితోనే ఆయన జీవితమంతా గడిచింది. కారు ఇంజను ఆయన దృష్టిలో చిన్న ఇంజను, అంతే.

ప్యాసింజరు రైలు దిగి, ఖాకీ సంచీ భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. కాఫీ తాగాక ముందు బండి స్టార్ట్ చెయ్యమన్నాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత ఆపమని, బంపరు కన్నంలోంచి స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇట్టా రా అమ్మాయ్, నువ్వు తిప్పు" అన్నాడు నాతో. అప్పుడు నేను తొమ్మిదో తరగతి సెలవుల్లో ఉన్నాను. తిప్పాను. ఒక చోట హ్యాండిల్ గట్టిగా ఎదురు తన్నింది. దాన్ని దాటించాక మళ్ళీ ఒక తన్ను. ఆ తర్వాత రావాల్సిన చోట మాత్రం మెత్తగా జారిపోయింది. మళ్ళీ గట్టిగా. నాలుగు సిలిండర్లలో ఒకదానికి ఊపిరి నిలవడం లేదని నా చేతులకే తెలిసింది. స్పార్క్ ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి చూస్తే అది మూడోది.

అప్పుడాయన మూడో సిలిండర్ ప్లగ్ కన్నంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోశాడు. ప్లగ్ బిగించి మళ్ళీ తిప్పమన్నాడు. అదే మెత్తదనం. "రింగులు అరిగుంటే ఆయిల్ వాటి చుట్టూ చేరి కాసేపు సందు మూసేది, హ్యాండిల్ గట్టిపడేది. గట్టిపడలేదు. గాలి కింద నుంచి పోవడంలా, పైనుంచి పోతంది. బోరు జోలికి పోబాకు, హెడ్ దించుదాం" అన్నాడు. హెడ్ అంటే సిలిండర్ల పైన మూతలా బిగించి ఉండే భాగం, వాల్వులు ఉండేది అందులోనే. ఆయిల్ తాగుడుకీ, పొగకీ కారణం కూడా పైనే ఉందని ఆయన లెక్క. కాలు తీసినప్పుడు ఇంజను గట్టిగా పీలుస్తుంది కాబట్టి వాల్వు కాడలు జారే గొట్టాలు, అంటే వాల్వ్ గైడ్లు, అరిగిన సందులోంచి ఆయిల్ లోపలికి జారి, మళ్ళీ తొక్కగానే కాలి పొగవుతుంది. నాన్న మొహంలో ఆ కాస్త వెలుగు నాకింకా గుర్తే. ఇంజను మొత్తం దించడానికీ, హెడ్ ఒక్కటి దించడానికీ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో ఆయనకు తెలుసు.

పెరట్లో టార్పాలిన్ పరిచాం. అమ్మ పాత నూలు చీరలు చింపి గుడ్డలు చేసి ఇచ్చింది. రేడియేటర్ నీళ్ళు వదిలేసి, బ్యాటరీ వైరు తీసి, సోలెక్స్ కార్బొరేటర్, మానిఫోల్డ్ పక్కన పెట్టారు. వాల్వులను నొక్కి తెరిచే రాకర్లు ఒక కడ్డీ మీద ఉయ్యాల బల్లల్లా ఊగుతుంటాయి, ఆ కడ్డీ పేరు రాకర్ షాఫ్టు. వాటి మీది రాకర్ కవర్ ఎత్తగానే నాన్న ఆత్రంగా రాకర్ షాఫ్టు నట్ల మీద పానా పెట్టబోతే పెదనాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఇంజనులో రాకర్ షాఫ్టు బ్రాకెట్లను పట్టుకునే నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టుకుని ఉంటాయి. వాటిని మాత్రమే విప్పేస్తే హెడ్ ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా ఉండి వంకరపోయే ప్రమాదం ఉంది. నీళ్ళు సిలిండర్లలోకి దిగవచ్చు. అందుకని ముందు నీళ్ళు వదలాలి, తర్వాత హెడ్ నట్లన్నీ వరసలో కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రావాలి. రాకర్ షాఫ్టు ఒక్కటే తీసినా సరే, ఇదే పద్ధతి. అంబాసిడర్ పెట్రోలు ఇంజను ముట్టుకునేవాళ్ళు ఇది మొదట తెలుసుకోవాలని నేనిప్పటికీ చెబుతాను.

రాకర్లను కింద నుంచి తోసే పుష్ రాడ్లు ఎనిమిది. పెదనాన్న అట్టపెట్టె మూత మీద ఎనిమిది కన్నాలు పొడిచి, నాచేత పెన్సిలుతో 1 నుంచి 8 వరకు నంబర్లు వేయించాడు. ఒక్కో రాడ్డును కొద్దిగా తిప్పుతూ పైకి లాగి, ఏది ఏ కన్నంలోంచి వచ్చిందో ఆ నంబరులో గుచ్చాడు. తిప్పకుండా లాగితే ఆయిల్ జిగురుకు దాని కింద కూర్చునే టాపెట్ అనే ముక్క కూడా అంటుకుని పైకి వస్తుందట. ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకుని తిరిగిన సామాను ఒకదానికొకటి కుదురుకుని ఉంటుంది, అటుదిటు మారిస్తే కొత్తగా అరుగుడు మొదలవుతుంది అని చెప్పాడు.

హెడ్ పోత ఇనుము. ఇద్దరూ చెరో పక్క పట్టి నిలువుగా పైకి ఎత్తి, చెక్క పీట మీద పెట్టారు. వాల్వులు తియ్యడానికి ఆయన సంచీలోంచి స్ప్రింగును నొక్కే క్లాంపు తీశాడు. స్ప్రింగు కిందికి నొక్కితే వాల్వు కాడను పట్టుకున్న రెండు చిన్న లాకులు బయటపడతాయి. గోరంత ఉండే ఆ లాకులు ఎగిరి మట్టిలో పడితే ఇక దొరకవు. వీటిని వరసగా ఎక్కడ పెట్టాలా అని ఆయన చుట్టూ చూస్తుంటే, అమ్మ లోపల్నుంచి వాడకం మానేసిన పాత ఇడ్లీ రేకులు రెండు తెచ్చి పెట్టింది. రేకుకు నాలుగు గుంటలు. ఎనిమిది గుంటల్లో ఎనిమిది వాల్వుల సామాను, స్ప్రింగు, పైమూత, లాకులు, ఏవి వాటికి విడివిడిగా. పెదనాన్న ఆ రేకుల వంక చూసి, "మా షెడ్డులో ఇంత మంచి ట్రే లేదమ్మా" అన్నాడు. అమ్మ ఎంత సంతోషపడిందో! ఆ రేకులు తర్వాత ఆయనతో పాటే బిట్రగుంట వెళ్ళిపోయాయి.

మూడో సిలిండర్‌లో పొగను బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వు, అంటే ముందు నుంచి లెక్కపెడితే ఐదోది, బయటికి వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మిగతా వాల్వుల తల అంచు గుండ్రంగా, బూడిదరంగులో ఉంది. దీని అంచున మాత్రం ఒక చోట చిన్న కొరుకుడు, అక్కడి నుంచి లోపలికి ఒక సన్నని గీత. ఇనుము కరిగి కారినట్టు. వేలు పెడితే ఆ కొరుకుడు గోటికి తగిలేది. ఆ సందులోంచే మంట బయటికి తోసుకుపోతోంది, అందుకే హ్యాండిల్ అక్కడ జారిపోయింది.

నాన్న వెంటనే, "సరే, కొత్త వాల్వు వేద్దాం" అన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. "ఎందుకు కాలిందో చూడకుండా కొత్తది వేస్తే, అదీ కాలద్ది" అన్నాడు.

అక్కడి నుంచి ఆయన చేసిన పని నేను కళ్ళారా చూశాను కాబట్టి వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఏ సామానూ కిరసనాయిల్లో కడగనివ్వలేదు. మురికితో ఉండగానే చూడాలన్నాడు. ఐదో నంబరు రాకర్ చేతిలోకి తీసుకుని, వాల్వు కాడ మీద కొట్టే దాని ముక్కు నాకు చూపించాడు. నున్నగా, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట కాడ వెడల్పున ఒక గుంట పడి ఉంది. అన్ని రాకర్లకూ అంతో ఇంతో అలాగే ఉంది. ఆ ముక్కుకూ కాడకూ మధ్య సన్నని గ్యాపు ఉంచాలి, దాన్ని కొలిచే పలచటి రేకే గేజి బ్లేడు. "గేజి బ్లేడు ఈ గుంట రెండు గట్ల మీద ఆనుద్ది. కాడ పోయి తగిలేది గుంట అడుగున. బ్లేడు పదిహేను థౌ అని చెబుతుంటే లోపల ఇంకో పది ఎక్కువ ఉండొచ్చు. అందుకే గ్యాపు సరిగ్గా పెట్టినా చప్పుడు పోదు" అన్నాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పదిహేను థౌ అంటే మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.

చప్పుడు పోకపోతే ఏం చేస్తారు? ఎవరో ఒకరు గేజి పక్కన పెట్టి, చెవితో విని, చప్పుడు ఆగిందాకా స్క్రూ బిగిస్తారు. ఐదో వాల్వుకు జరిగింది అదే. చల్లగా ఉన్నప్పుడు గ్యాపు దాదాపు లేదు. ఇంజను వేడెక్కాక వాల్వు కాడ సాగుతుంది, అందులోనూ ఎగ్జాస్టు వాల్వు కాలే వాయువుల మధ్యే ఉంటుంది. సాగిన కాడకు చోటు లేక, వాల్వు తన సీటు మీద, అంటే మూసుకున్నప్పుడు ఆనుకునే అంచు మీద, పూర్తిగా కూర్చోలేకపోయింది. వాల్వు తన వేడిని హెడ్‌కు దించుకునేది ముఖ్యంగా సీటు మీద కూర్చున్న ఆ కాస్త సేపట్లోనే. కూర్చోకపోతే వేడి పోదు, పైగా సందులోంచి మంట. అంచు కాలిపోయింది.

అంటే మేం ఇన్నాళ్ళూ చప్పుడు చేస్తున్న వాల్వులను చూసి భయపడ్డాం. అవి ఏడూ అరిగి ఉన్నాయి కానీ బతికే ఉన్నాయి. కాలిపోయింది చప్పుడు చెయ్యనిది. ఈ మాట పెదనాన్న అన్నప్పుడు నాన్న ఆ వాల్వును చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

అక్కడితో ఆగలేదు. రాకర్లు అసలు ఎందుకు అంతగా అరిగాయి? రాకర్లను ఒక్కొక్కటే జార్చి షాఫ్టు బయటికి తీశాడు. పైనుంచి చూస్తే మెరుస్తూ బాగానే ఉంది. "కింద తడిమి చూడమ్మా" అన్నాడు. చూపుడువేలి గోరు షాఫ్టు అడుగుభాగాన నిలువునా జరిపాను. ప్రతి రాకర్ కూర్చునే చోట గోరు ఒక గాడిలోకి దిగింది, మళ్ళీ గట్టు ఎక్కింది. పుష్ రాడ్డు ఒక చివర పైకి తోస్తుంది, వాల్వు స్ప్రింగు రెండో చివర పైకి తోస్తుంది. కాబట్టి రాకర్ ఎప్పుడూ షాఫ్టును కింద నుంచే ఒత్తుతుంది, అరుగుడూ కిందే. పైపైన చూసి షాఫ్టు బాగుంది అనేవాళ్ళు అందుకే మోసపోతారు.

షాఫ్టు లోపల బోలు. ఒక బ్రాకెట్ గుండా ఆయిల్ అందులోకి ఎక్కి, ఒక్కో రాకర్ దగ్గర ఉన్న సన్నటి కన్నంలోంచి బయటికి రావాలి. పెదనాన్న సన్నని తీగె తీసుకుని ఒక కన్నంలో పొడిచాడు. తారులాంటి నల్లటి ముద్ద బయటికి వచ్చింది. సగం కన్నాలు అలాగే మూసుకుపోయి ఉన్నాయి. ఆయిల్ అందక రాకర్లు పొడిగా తిరిగాయి.

ఆ ముద్ద ఎక్కడిదో నాన్నకు చెప్పాల్సిన పని లేదు. ఆయిల్ తగ్గినప్పుడల్లా పైన పోసుకుంటూ వచ్చాడే గానీ మొత్తం మార్చి ఎన్నాళ్ళయిందో. ఆయనను తప్పు పట్టలేను. ఆయిల్ మార్చే డబ్బుతో నా పరీక్ష ఫీజు కట్టిన నెల ఒకటి నాకు తెలుసు. పెదనాన్న కూడా ఒక్క మాట అనలేదు. తీగె తుడిచి, "ఇక నుంచి మారుద్దాంలే రా" అన్నాడంతే.

సామాను జాబితా నా నోటుబుక్కులోనే రాశారు. కొత్త రాకర్ షాఫ్టు, రాకర్ల కన్నాల్లో ఉండే బుష్షులు, మరీ పాడైన రాకర్లకు బదులు కొత్తవి, వాల్వ్ గైడ్లు ఎనిమిది, ఎగ్జాస్టు వాల్వులు నాలుగు, ఆయిల్ సీళ్ళు, హెడ్ కింద పరిచే గాస్కెట్. నెల్లూరులో దొరికినవి నెల్లూరులో కొని, మిగతావాటికి నాన్న రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళాడు. అక్కడ జనరల్ ప్యాటర్స్ రోడ్డు పొడుగునా కార్ల విడిభాగాల షాపులే. పాత షాఫ్టు, ఒక పాత రాకర్ గుడ్డలో చుట్టి వెంట పంపాడు పెదనాన్న, పక్కన పెట్టి కొలిచి తీసుకోమని.

హెడ్ మాత్రం నెల్లూరు లేత్ షాపుకు వెళ్ళాల్సిందే. గైడ్లు కొట్టి బయటికి తియ్యడం, కొత్తవి ఎక్కించి లోపల సైజు చెయ్యడం, సీట్లు కొయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు. గైడు మార్చాక దాని నడిమి గీత పాతదానితో సరిగ్గా కలవదు కాబట్టి సీటు మళ్ళీ కోసి తీరాలి. గోనెసంచీలో చుట్టిన హెడ్‌ను తెలిసినవాళ్ళ లారీలో వేసి తీసుకెళ్ళారు. రాకర్ల పాత బుష్షులు కూడా అక్కడే మార్పించి, ముక్కుల గుంటలు పోయేలా పట్టించారు. తిరిగి వచ్చాక పెదనాన్న మొదట చూసింది బుష్షులకు ఆయిల్ కన్నం ఉందా లేదా అని. కొత్త బుష్షు వేసినప్పుడు రాకర్‌లో ఉన్న కన్నానికి ఎదురుగా దానికీ కన్నం వెయ్యాలి, లేకపోతే ఎంత కొత్త సామానైనా మళ్ళీ పొడిగా తిరగాల్సిందే. ఒక్కో దాంట్లోకి నోటితో ఊది చూశాడు.

ఈలోగా ఇంట్లో మేం ఊరికే కూర్చోలేదు. స్ప్రింగులు ఎనిమిదీ కడిగి, అద్దం ముక్క మీద వరసగా నిలబెట్టి, పైన స్కేలు పెట్టి చూశాం. రెండు పొట్టిగా ఉన్నాయి. స్ప్రింగు కుంగితే బలం తగ్గినట్టే. అవి కూడా జాబితాలో చేరాయి. పిస్టన్ల మీద పేరుకున్న మసి గీకడానికి ఇనుప పరికరం వాడనివ్వలేదు పెదనాన్న, పిస్టన్ అల్యూమినియం, గీత పడితే పోదు. నాన్న ఎప్పుడో బాడుగకు వెళ్ళినప్పుడు ఉదయగిరి నుంచి తెచ్చిన చెక్క గరిటె కాడ విరిగిపోయి ఉంటే, దాన్నే ఉలిలా చెక్కి ఇచ్చాడు. ఉదయగిరి చెక్క గరిటెల గట్టిదనం ఎలాంటిదో అప్పుడు తెలిసింది, అంత మసి గీకినా అంచు చెదరలేదు. పిస్టన్ అంచు చుట్టూ మాత్రం సన్నని మసి వలయం ఉంచెయ్యమన్నాడు, ఆయిల్ పైకి రాకుండా అది అడ్డంగా ఉంటుందని.

వాల్వ్ గ్రైండింగ్ నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. వాల్వు అంచుకు రాపిడి పేస్టు చుక్కలు చుక్కలుగా పెట్టి, తలకు రబ్బరు కప్పున్న కర్ర అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పాలి. కాసేపయ్యాక ఎత్తి, పావు వంతు జరిపి, మళ్ళీ. మొదట బరబరమనే చప్పుడు క్రమంగా పలచబడి మెత్తగా అవుతుంది. గరుకు పేస్టు తర్వాత సన్నది. గుడ్డతో తుడిస్తే వాల్వు అంచున, సీటు మీద తెగకుండా ఒకే వెడల్పున బూడిదరంగు వలయం కనిపించాలి. కనిపించిందని వదల్లేదు పెదనాన్న. వాల్వులు, స్ప్రింగులు బిగించాక హెడ్ పక్కకు తిప్పి గాలి, పొగ వెళ్ళే దారుల్లో పెట్రోలు పోయించాడు. కాసేపు ఊరుకుని వాల్వు తలల చుట్టూ చూపుడువేలితో తడిమాం. ఏడు పొడిగా ఉన్నాయి. ఒకటి చెమ్మగిల్లింది. దాన్ని మళ్ళీ విప్పి, మళ్ళీ రుద్దించాడు. ఎండలో నా చేతులు బొబ్బలెక్కినా ఆ పని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. చివర్లో పేస్టు ఆనవాలు కూడా మిగలకుండా కడగడం ఇంకో పెద్ద పని. ఆ పొడి లోపలికి పోతే ఇంజనునే అరగదీస్తుంది.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గాస్కెట్ మీద పైవైపు ఏది, ముందువైపు ఏది అని రాసే ఉంటుంది, చూసి పెట్టడమే. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా. పుష్ రాడ్లు అట్ట మీద నుంచి ఏ కన్నంలోవి ఆ కన్నంలోకి.

టాపెట్ గ్యాపులు పెట్టే దగ్గర నా పని మొదలైంది. "లెక్కలు బాగా చేస్తావంటగా, ఇది చెయ్యి" అని తొమ్మిది లెక్క చెప్పాడు. హ్యాండిల్ తిప్పుతూ రాకర్లను చూడాలి. ఏ వాల్వు పూర్తిగా కిందికి దిగి తెరుచుకుని ఉందో దాని నంబరు తొమ్మిదిలోంచి తీసెయ్యాలి. మిగిలిన నంబరు వాల్వుకు అప్పుడు గ్యాపు పెట్టాలి. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది. ఆరోది తెరుచుకుంటే మూడోది. నాలుగోది తెరుచుకుంటే ఐదోది. ఇదేదో మంత్రం కాదని, ఒకటో సిలిండరూ నాలుగోదీ జంట, రెండోదీ మూడోదీ జంట అని, ఒకదాని వాల్వు, టాపెట్‌ను పైకెత్తే క్యామ్ కొన మీద ఉన్నప్పుడు జంటలోని వాల్వు క్యామ్ వీపు మీద ఉంటుందని బొగ్గుతో గచ్చు మీద గీసి చూపించాడు. తరగతిలో ఎవరూ నాకు లెక్కను అలా ఇనుములో చూపించలేదు. తర్వాత నేను డిప్లొమాలో మెకానికల్ తీసుకున్నానంటే ఆ బొగ్గు గీతల వల్లే.

నాన్న హ్యాండిల్ తిప్పుతున్నాడు, నేను నంబరు చెబుతున్నాను, పెదనాన్న గేజి బ్లేడు జొనిపి స్క్రూడ్రైవరుతో స్క్రూ తిప్పి, పానాతో లాక్ నట్ బిగిస్తున్నాడు. ఐదోదాని వంతు వచ్చినప్పుడు బ్లేడు నా చేతికిచ్చాడు. "లాగి చూడు. పట్టుకున్నట్టుండాలి, ఆగిపోకూడదు" అన్నాడు. లాగాను. పలచటి జిగురులోంచి వస్తున్నట్టు వచ్చింది. "అదే. చెవి మాట వినబాకు, వేలి మాట విను" అన్నాడు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రాకర్ కవర్ పెట్టలేదు. కొత్త ఆయిల్ పోశాం, రాకర్ల మీద ఆయిల్ డబ్బాతో చుక్కలు వేశాం. బండి అందుకుంది. ముగ్గురం వంగి ఒకటో రాకర్ నుంచి చూస్తున్నాం. కొద్ది క్షణాలకు బుష్షు అంచున ఆయిల్ తడి మెరిసింది. తర్వాత దాని పక్కది. అలా వరసగా ఎనిమిదింటి దగ్గరా తేనెరంగు ఆయిల్ ఊరి కిందికి జారింది. ఎనిమిదోది తడిసిందాకా పెదనాన్న ఊపిరి పీల్చుకోలేదనుకుంటాను. అప్పుడు కవర్ పెట్టమన్నాడు.

చప్పుడు పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. పోకూడదు కూడా. గ్యాపు ఉన్న చోట సన్నని టిక్‌టిక్ ఉంటుంది, ఎనిమిదీ ఒకే రకంగా, కుట్టుమిషన్ ఎవరో తొక్కుతున్నట్టు కాకుండా, దగ్గరికి వెళ్తేనే వినపడేంత మెల్లగా. వీధి మలుపు శబ్దం మాత్రం పోయింది. ఆ రోజు నుంచి నాన్న వచ్చే వేళ అమ్మకు తెలియకుండా పోయి, నాన్న వీధిలోకి తిరగగానే హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొట్టి వచ్చాక బండి బాడుగలకు దిగింది. వైశాఖం పెళ్ళిళ్ళు ఒక్కటీ తప్పలేదు. ఉదయగిరి దారిలో ఎత్తులన్నీ మునుపటిలా ఎక్కింది. నీలం పొగ పోయింది. డిక్కీలో ఆయిల్ డబ్బా ఉండిపోయింది గానీ దాని మూత తీసే పని పడలేదు. ఐదువందల కిలోమీటర్లు తిరిగాక పెదనాన్న మళ్ళీ వచ్చి హెడ్ నట్లు సరిచూసి, గ్యాపులు మళ్ళీ పెట్టాడు. కొత్త గాస్కెట్ అణిగాక నట్లు కొద్దిగా వదులవుతాయి, గ్యాపులూ మారతాయి. చాలామంది ఈ రెండో సారి పనిని వదిలేస్తారు, అది తప్పు. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు నాన్న డ్యాష్‌బోర్డు అరలో చిన్న పుస్తకంలో రాయడం అప్పుడే మొదలైంది. ఆ పుస్తకం నిండితే ఇంకోటి కొన్నాడు.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. గాలికి మంచిదే, పిల్లలకు మంచిదే, అందులో రెండో మాట లేదు. కానీ పాత ఇంజన్లలో సీసం ఎగ్జాస్టు వాల్వు సీటు మీద పలచటి పూతలా ఏర్పడి దాన్ని కాపాడేది. అది లేకపోయేసరికి గట్టి సీట్లు లేని హెడ్‌లలో వాల్వు మెల్లమెల్లగా సీటులోకి, అంటే పైకి, కూరుకుపోవడం మొదలవుతుంది. వాల్వు పైకి జరిగితే కాడ కూడా పైకి వస్తుంది, గ్యాపు పెరగదు, మూసుకుపోతుంది. చప్పుడు తగ్గుతుంది. పెదనాన్న అప్పటికి పెద్దవాడైపోయాడు, చూపు తగ్గింది. అయినా పేపర్లో వార్త చదివించుకుని నాన్నకు ఫోన్ చేశాడు. "బండి నెమ్మదైందని సంబరపడబాకు. ఇక మీదట గ్యాపులు తొందరతొందరగా చూసుకోవాల" అని. నాన్న అలాగే చూసుకున్నాడు. ఐదోది మొదట చూసేవాడు.

ఇప్పటి కార్లలో చాలావాటికి ఈ గ్యాపు గొడవే లేదు, ఆయిల్ ఒత్తిడితో తనంతట తనే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. నేను పనిచేసే చోట కుర్రాళ్ళకు గేజి బ్లేడు ఇస్తే ఎటువైపు పట్టుకోవాలో చూస్తారు. వాళ్ళ తప్పు కాదు. కానీ ఆయిల్ మార్చకపోతే ఆ ఏర్పాటూ మూసుకుపోతుంది, అదే నల్లటి ముద్దతో. అరిగిన సామాను ఎవరైనా నా ముందు కడగబోతే ఇప్పటికీ ఆపుతాను, ముందు చూద్దాం అని.

2014లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయిందన్న వార్త వచ్చే నాటికి మా బండి మా దగ్గర లేదు. నాన్నకు మోకాళ్ళు పట్టేసి బాడుగలు మానుకున్నాక కందుకూరు నుంచి ఒకాయన వచ్చి కొనుక్కున్నాడు. బేరం కుదిరాక నాన్న డబ్బు లెక్కపెట్టకుండా ముందు రాకర్ కవర్ విప్పాడు. ఆయనను పక్కన నిలబెట్టుకుని, నన్ను హ్యాండిల్ తిప్పమని, తొమ్మిదిలోంచి తీసెయ్యడం నేర్పించాడు. ఆయనకు మొదటిసారి పట్టుబడలేదు. ఎండ ఎక్కుతున్నా నాన్న వదల్లేదు. ఎనిమిదింటికీ ఆయన చేతే గ్యాపు పెట్టించి, సరిగ్గా ఉందని బ్లేడు లాగి చూసుకున్నాకే తాళాలు ఇచ్చాడు.